తెలుగు బడి నుండి జపాను వరకు

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



మన పాఠశాల ప్రారంభమైన నాడు డెంకణికోట సేలం జిల్లాలో ఉండేది. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడగా అందులో చేరింది. 2004లో కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. బేటరాయస్వామి కోవెల ఉన్నచోటనే ఉన్నది, మన బడి ఉన్నచోటనే ఉన్నది. జిల్లాలు మాత్రం మూడు మారాయి. ఊరు కదలలేదు గాని ఊరి పిల్లలు కదిలారు. 1980లలో హోసూరులో అశోక్ లేలాండ్, టైటాన్ వంటి కర్మాగారాలు వెలిసిన తరువాత మొదట అక్కడికి, ఆపైన బెంగళూరుకు, ఇప్పుడు సముద్రాలు దాటి వెళ్తున్నారు.

నిర్వాహకులు నాకిచ్చిన విషయం "విదేశాలలో మన విద్యార్థులు". ఎవరు అమెరికాలో ఉన్నారు, ఎవరు దుబాయిలో ఉన్నారు అని నేను ఒక పట్టిక చదువుతానని వారు అనుకొని ఉండవచ్చు. క్షమించాలి, నేను ఒక్క జంటను గురించి మాత్రమే మాట్లాడతాను. ఆంగ్లం బోధించడానికి జపాను వెళ్ళిన భార్యాభర్తల కథ ఇది. భార్య మన విద్యార్థిని. ఒకటవ తరగతి మొదలు పదవ తరగతి వరకు ఈ గోడల మధ్యనే చదివింది. చెప్పడానికి ఆమె అనుమతి తీసుకున్నాను. పేరు మాత్రం చెప్పవద్దన్నది.

ఈ కథనే ఎందుకు ఎంచుకున్నానంటే, గడచిన జూన్ నెలలో ఒక తండ్రి తన కుమార్తె టీ.సీ. కోసం నా గదికి వచ్చారు. ఆరవ తరగతి ముగించిన పాప, చక్కగా చదివేది. కారణమేమని అడిగాను. "మేడమ్, మీ బడి మీద మాకు చెడ్డమాట ఏమీ లేదు. అయితే తెలుగు మీడియం చదివినారని ఆ పాపకు జపాన్‌లో టీచరు పని ఇవ్వలేదంట కదా? రేపు మా పాపకూ అట్లనే అయితే ఏం చేసేది?" అన్నారు. ముప్పది ఏండ్లుగా పాఠాలు చెబుతున్న నాకు ఆ క్షణంలో సమాధానం తోచలేదు. ఆయన విన్న మాట అబద్ధం కాదు. పూర్తిగా నిజమూ కాదు. ఆ రోజు చెప్పలేకపోయినది ఈ సభలో చెప్పే ప్రయత్నం చేస్తాను.

మన దేశం నుండి ఉపాధ్యాయ దంపతులు బోధన కోసం విదేశాలకు వెళ్ళడం క్రొత్త సంగతి కాదు. ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ పాలించిన కాలంలో ఆ దేశపు పాఠశాలలకు మన ఉపాధ్యాయులు, ముఖ్యంగా కేరళవారు, పెద్ద సంఖ్యలో వెళ్ళారు. 1974లో అక్కడ విప్లవం వచ్చిన తరువాత కాలం మారింది. ఆ దేశం వారిని గణితం చెప్పగలవా, సైన్సు చెప్పగలవా అని అడిగింది గాని, నీ ఇంట్లో తల్లి నీతో ఏ భాష మాట్లాడింది అని అడగలేదు.

జపానులో అడుగుతారు. అక్కడ "ఎయికైవా" అనే పాఠశాలలు ఉన్నాయి. ఆ మాటకు ఆంగ్ల సంభాషణ అని అర్థం. అవి మన బడుల వంటివి కావు. రైల్వే స్టేషనుకు దగ్గరలో, ఒక మేడ మీద నాలుగైదు చిన్న గదులు. ఒక్కొక్క గదిలో ఒక ఉపాధ్యాయుడు, ఒకరో నలుగురో విద్యార్థులు. పాఠం నలభై యాభై నిమిషాలు. ఆఫీసు విడిచి వచ్చే ఉద్యోగులు, ఇంటిపని ముగించుకున్న గృహిణులు, బడి నుండి వచ్చే పిల్లలు అక్కడ డబ్బు కట్టి ఆంగ్లంలో మాట్లాడటం అభ్యసిస్తారు. 1964 టోక్యో ఒలింపిక్స్, 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శన జరిగిన కాలం నుండి ఆ దేశంలో ఆంగ్ల సంభాషణ మీద మోజు పెరుగుతూ వచ్చింది. బడులలో ఆరేండ్లు ఆంగ్లం చదివినా నోరు మెదపలేకపోవడం వారి బాధ. (ఈ బాధ మనకు తెలియనిది కాదు. దానికి తరువాత వస్తాను.)

జపాను ప్రభుత్వమే 1987లో విదేశీ యువకులను బడులకు పిలిపించే జెట్ అనే పథకం పెట్టినప్పుడు మొదటి ఏడు 848 మంది వచ్చారు. వారు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అనే నాలుగు దేశాల వారు. ఇంగ్లీషు పంతులు అనగానే జపాను ప్రజల మనసులో మెదిలే ముఖం ఏదో ఆ నాలుగు పేర్లే చెబుతాయి.

ఇప్పుడు ఆ తండ్రిగారు విన్న నియమం. జపానులో ప్రాథమిక పాఠశాల మొదలు ఉన్నత పాఠశాల వరకు విదేశీ భాష బోధించడానికి ఇచ్చే వీసాకు ఒక షరతు ఉంది: ఆ భాషా మాధ్యమంలో 12 సంవత్సరాలకు తక్కువ కాకుండా చదివి ఉండాలి. సంభాషణ పాఠశాలలకు ఇచ్చే వీసా వేరు. దానికి విశ్వవిద్యాలయ పట్టా ముఖ్యం. అయినా ఆ పాఠశాలలు నడిపే సంస్థలు చాలావరకు ఆంగ్లం మాతృభాషగా గలవారినో, లేకుంటే ఆ పన్నెండేండ్లు చూపించగలవారినో కోరుకుంటాయి.

మన అమ్మాయి లెక్క ఏమిటి? ఇక్కడ పదేండ్లు తెలుగు మాధ్యమం. తరువాత హోసూరులో ప్లస్ టూ, ఆపైన ఆంగ్ల సాహిత్యంలో బి.ఏ., ఎం.ఏ., చివర బి.ఎడ్., అన్నీ ఆంగ్ల మాధ్యమంలోనే. రెండు, మూడు, రెండు, ఒకటి, మొత్తం ఎనిమిది. నాలుగేండ్లు తక్కువ. ఆమెను పెండ్లాడిన అబ్బాయి బెంగళూరులో ఎల్.కె.జి. నుండి ఆంగ్ల మాధ్యమంలో చదివి, బి.ఎస్సీ. పూర్తి చేసి, ఒక నెల రోజుల బోధనా శిక్షణ పొందినవాడు. వ్యాకరణంలో సందేహం వస్తే భార్యను అడుగుతాడు. ఈ మాట అతడే నవ్వుతూ నాతో చెప్పాడు. ఆ షరతు ముందు అతడు నిలిచాడు, ఆమె నిలవలేదు.

ఇక్కడ నేను చెప్పక తప్పని ఒక సంగతి ఉంది. 2017లో ఒక సాయంకాలం ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. ఇద్దరూ దరఖాస్తు పెట్టుకుంటున్నారు. ఇద్దరికీ పని దొరికితే మూడేండ్లలో అప్పు తీర్చి ఇల్లు కట్టుకోవచ్చు. చాలాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, చివరకు తల వంచుకుని అడిగింది: "టీచర్, ఆరో తరగతి నుండి ఇంగ్లీషు మీడియమే అని ఒక సర్టిఫికెట్ ఇస్తారా? ఒక్క కాగితం, అంతే."

నేను ఇవ్వనన్నాను. ఇవ్వకూడదు కనుక ఇవ్వలేదు. దానికి ఈనాటికీ విచారం లేదు. అయితే ఇవ్వనన్న తీరుకు విచారం ఉంది. "పదేండ్లు నీకు చదువు చెప్పిన బడిని లేదని వ్రాయమంటావా?" అని గట్టిగా అన్నాను. కాఫీ అయినా ఇవ్వకుండా పంపించాను. ఆమె అడిగినది అబద్ధపు కాగితమే కావచ్చు. కాని తరగతిలో నా కన్న బాగా ఆంగ్లం చెప్పగల ఆ పిల్లను అటువంటి కాగితం కోసం తలవంచుకునేలా చేసినది ఏది అని నేను ఆలోచించలేదు. తరువాత రెండేండ్లు ఆమె నాతో మాట్లాడలేదు.

2018లో వారు జపాను వెళ్ళారు. అతడు ఉపాధ్యాయుడుగా, ఆమె అతని మీద ఆధారపడిన భార్యగా. ఆ వీసా మీద వెళ్ళినవారు ప్రత్యేకంగా అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటలకు మించకుండా పని చేసుకోవచ్చు. చూడండి ఈ విచిత్రం. ఉపాధ్యాయిని అని వీసా ఇవ్వడానికి పనికిరాని మనిషి, ఫలానావారి భార్య అని వచ్చినట్లయితే అదే ఆంగ్లాన్ని గంటల లెక్కన చెప్పవచ్చును.

వారు చేరినది హమమత్సు అనే పట్టణం. టోక్యోకు, నగోయాకు నడుమ ఉంటుంది. సుజుకి మోటారు సంస్థ ప్రధాన కార్యాలయం ఆ ఊరిలోనే ఉంది. మన రోడ్ల మీద తిరిగే మారుతి కార్ల పుట్టుకతో ఆ సంస్థకు గల సంబంధం మీకందరికీ తెలిసినదే.

2019 సంక్రాంతికి ఆ అమ్మాయి నుండి నాకు జాబు వచ్చింది. ఈ కాలంలో ఎవరూ వ్రాయని పద్ధతిలో, కాగితం మీద, మన తెలుగు చేతివ్రాతలో, ఎనిమిది పుటలు. ఎవరి తప్పులను ఎవరూ ఎత్తలేదు. అక్కడి బ్రతుకు మాత్రం దాచకుండా వ్రాసింది.

భర్తకు నెలకు రెండున్నర లక్షల యెన్లు; ఆనాటి లెక్కలో సుమారు లక్షన్నర రూపాయలు. వినడానికి బాగుంది. ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే ధరావతు గాక, ఇంటి యజమానికి కానుక అని తిరిగిరాని సొమ్ము ఒకటి ఇవ్వాలి, పూచీదారు ఉండాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్ళిన భర్త రాత్రి తొమ్మిది దాటాక పాఠాలు ముగించి పదింటికి ఇల్లు చేరేవాడు. శనివారం పని, సెలవు వారం నడుమ. ఆమెకు మొదట దొరికిన పని ఒక కాన్పు గృహంలో వంటపాత్రలు కడగడం. ఉదయం ఆరు నుండి పదకొండు వరకు. ఎం.ఏ., బి.ఎడ్. చదివిన అమ్మాయి. "పని చిన్నది కాదు టీచర్, గిన్నెలు మన ఇంట్లోనూ కడిగినాను. అయితే మేమిద్దరం మెలకువగా ఒకరినొకరు చూసుకునేది రోజుకు రెండు గంటలే" అని వ్రాసింది. దంపతులుగా కలిసి వెళ్దామనుకునే పూర్వ విద్యార్థులు ఈ సభలో ఉంటే, జీతం ఎంత అని అడిగే ముందు ఈ రెండు గంటల సంగతి అడగండి. ఇద్దరి పనివేళలు, ఇద్దరి సెలవు దినం, ఇద్దరి ఊరు ఒకటేనా అని ఒప్పంద పత్రంలో చూసుకోండి. ఒకరి ఉద్యోగం పోతే, ఆ వీసాను ఆనుకొని ఉన్న రెండవవారి నివాసం కూడా కదులుతుంది.

ఉద్యోగం పోదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒకప్పుడు జపానులోని సంభాషణ పాఠశాలలన్నిటిలోకీ పెద్దదిగా ఉండినది నోవా. 1981లో ఒసాకాలో పుట్టి దేశమంతటా శాఖలు పెట్టింది. విద్యార్థుల దగ్గర ముందుగానే వందల పాఠాలకు సొమ్ము కట్టించుకునే పద్ధతి దానిది. ఆ ఒప్పందాల విషయంలో 2007 జూన్‌లో ప్రభుత్వం ఆంక్షలు విధించింది. అదే ఏడు అక్టోబరులో సంస్థ దివాలా తీసింది. సుమారు 4 వేల మంది విదేశీ ఉపాధ్యాయులు జీతాలు రాక నడివీధిలో నిలిచారు. చాలామంది ఉన్న గది కూడా సంస్థ ఏర్పాటు చేసినదే. 2010లో జియోస్ అనే మరొక పెద్ద సంస్థకు అదే గతి పట్టింది. వారందరూ కావలసిన దేశంలో పుట్టినవారే, కావలసిన ఉచ్చారణ గలవారే.

తిరిగి మన అమ్మాయి దగ్గరకు వస్తాను. ఆరు నెలల తరువాత ఆ ఊరి స్త్రీ ఒకరు, ఇంటిలోనే చిన్న తరగతి నడుపుతున్నావిడ, ఈమెను పరిచయం చేసుకున్నారు. ఆవిడ దగ్గరికి వచ్చేవారిలో కొందరు భారతదేశానికి ఉద్యోగం మీద వెళ్ళబోయే ఇంజనీర్లు, వారి భార్యలు. వారు అమెరికా పాఠ్యపుస్తకాలు చదివి, అమెరికా టేపులు విని సిద్ధమైనవారు. "అక్కడి మనుషులు మాట్లాడే ఇంగ్లీషు మాకు అర్థమవుతుందా?" అన్నది వారి భయం. హర్యానాలోనో గుజరాతులోనో కర్మాగారంలో వారితో మాట్లాడబోయేది అమెరికావారు కాదు గదా! ఈమె అక్కడ వారానికి పది గంటలు పాఠం చెప్పడం మొదలుపెట్టింది. క్రమంగా అది ఇరవై అయింది; పాత్రలు కడగడం మానింది.

ఆమె పాఠం చెప్పిన తీరును గురించి కొంచెం నిలిచి చెప్పాలని ఉంది. ఉపాధ్యాయులు, ముఖ్యంగా భాషలు చెప్పేవారు, దయచేసి వినండి.

జపాను వారు బస్సును "బసు" అంటారు. మనం "బస్సు" అంటాం. టీ త్రాగే కప్పును వారు "కప్పు" అనే అంటారు, అక్షరం మారకుండా. టిక్కెట్టును "చికెట్టో" అంటారు. గ్లాసును "గురాసు" అంటారు. హల్లుతో ఆగిపోయే మాట వారి నోటికి అలవాటు లేదు. చివర ఒక అచ్చు చేర్చుకుంటే గాని మాట ముగిసినట్లు తోచదు. మన తెలుగు అజంత భాష అని వ్యాకరణ పాఠంలో మేము చెబుతాము, పరీక్షకు పిల్లలు వ్రాస్తారు, అక్కడితో మరచిపోతారు. ఈ పిల్ల మరచిపోలేదు. ఇంగ్లండులో పుట్టిన ఉపాధ్యాయుడు "చివర ఉకారం పలకవద్దు" అని నూరుసార్లు దిద్దుతాడు. ఆ ఉకారం ఎక్కడి నుండి వస్తున్నదో అతనికి తెలియదు, ఎందుకంటే అతని నోట అది ఎన్నడూ రాలేదు. ఈమె నోట వచ్చింది. మూడవ తరగతిలో "బుక్కు" అని చదివి, ఆ ఉకారాన్ని నేనే రూళ్ళకర్ర చూపించి మాన్పించిన పిల్ల ఈమె.

వాక్యం చూడండి. "వతాషి వ గక్కో ఎ ఇకిమాసు." వతాషి అంటే నేను, గక్కో అంటే బడి, ఎ అంటే కి, ఇకిమాసు అంటే వెళ్తాను. నేను బడికి వెళ్తాను. ఒక్క మాట కూడా చోటు మారలేదు. క్రియ చివర రావడం, విభక్తి నామం తరువాత రావడం మనకెంత సహజమో వారికీ అంతే. ఆంగ్లం వచ్చి ఆ క్రమాన్ని తలక్రిందులు చేస్తుంది. నామానికి ముందు "ఏ" పెట్టాలా, "ది" పెట్టాలా, ఏదీ పెట్టకూడదా అన్న చిక్కు వారికి ఉన్నది, మనకూ ఉన్నది. రెండు భాషలలోనూ అటువంటి మాట లేదు గనుక. (జపాను భాషకు, తమిళానికి చుట్టరికం ఉందని ఓనో సుసుము అనే జపాను పండితుడు వాదించాడు. భాషాశాస్త్రజ్ఞులలో ఎక్కువమంది ఒప్పుకోలేదు. చుట్టరికం లేకుండానే ఇద్దరు మనుషుల ముఖాలు కలిసినట్లు, భాషలూ కలుస్తాయి.) ల, ర తేడా మాత్రం వారికి పెద్ద గండం, మనకు ల, ళ, ర మూడూ నోటికి పట్టినవే. కనుక అక్కడ ఈమె చేయి పైన ఉండేది.

తెలుగులో ఆలోచించి ఆంగ్లంలోకి వెళ్ళే దారిలో ఎక్కడెక్కడ ముళ్ళు ఉన్నాయో ఈమె పదేండ్లు నడిచి తెలుసుకున్నది. ఆ దారిలో ఎన్నడూ నడవనివాడు గమ్యంలో కూర్చుని రమ్మని పిలవగలడు. దారి చూపించడం వేరు. భర్తతో ఆమె ఈ మాట అన్నప్పుడు, అతడు తన తరగతి విద్యార్థుల తప్పులన్నీ ఒక పుస్తకంలో వ్రాసుకొని వచ్చి రాత్రి భోజనం వేళ ఆమె ముందు పెట్టడం మొదలుపెట్టాడట. ఆ రెండు గంటలూ అందుకే సరిపోయేవట. అతడు బుద్ధిమంతుడు.

ఇది క్రొత్తగా కనిపెట్టిన సంగతి ఏమీ కాదు. జపానులో ఆంగ్లాన్ని మాతృభాషగా మాట్లాడుతూ బోధించిన తొలి ఉపాధ్యాయుడు రానల్డ్ మక్‌డొనాల్డ్ అంటారు. తండ్రి స్కాట్లండు వాడు, తల్లి అమెరికా ఆదివాసి చినూక్ తెగ స్త్రీ. విదేశీయులకు ప్రవేశం లేని 1848లో జపాను తీరం చేరి, నాగసాకిలో నిర్బంధంలో ఉంటూనే 14 మంది దుబాసీలకు ఆంగ్లం చెప్పాడు. తరువాత అమెరికా నౌకలు వచ్చి సంధి కుదుర్చుకున్నప్పుడు మధ్య నిలిచి మాట్లాడినవారిలో అతని శిష్యుడు మొరియామా ఉన్నాడు. అరువది ఏండ్లు తిరగకముందే మరొక దృశ్యం. టోక్యో విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యం చెబుతున్న లఫ్కాడియో హెర్న్ అనే ప్రసిద్ధుణ్ణి తప్పించి, 1903లో నత్సుమె సోసెకి అనే జపానువాణ్ణి ఆ స్థానంలో నియమించారు. విద్యార్థులు పాత గురువు కోసం బెంగపెట్టుకున్నారు. క్రొత్త గురువు ఆంగ్లాన్ని మాతృభాషగా కాక, నేర్చుకున్నవాడు. ఆ సోసెకియే తరువాత జపాను నవలాకారులలో అగ్రగణ్యుడైనాడు. 1984లో వెలువడిన వెయ్యి యెన్ల నోటు మీద అచ్చయిన ముఖం ఆయనదే. మన అమ్మాయి భర్త తెచ్చిన జీతంలో ఆ పాత నోటు ఒకటి ఎప్పుడైనా వచ్చి ఉంటుందా అని నేను సరదాగా అడిగాను. ఇప్పుడవి అరుదట.

అంతా సుఖాంతం అని చెప్పడానికి నేను ఇక్కడ నిలబడలేదు. 2020లో మహమ్మారి వచ్చింది. ఇంజనీర్ల ప్రయాణాలు ఆగిపోయాయి, వారితో పాటు ఈమె తరగతి ఆగింది. భర్త పాఠాలు తెర మీదికి మారాయి, గంటలు తగ్గాయి. 2021 మే నెలలో, భారతదేశం నుండి వచ్చేవారిని, తమ దేశంలో నివాసమున్న విదేశీయులైనా సరే, జపాను రానివ్వలేదు. అదే నెలలో ఇక్కడ ఈమె అవ్వ చనిపోయింది. అంచెట్టి దారిలోని ఊరు. తల్లి కూలికి వెళ్తే ఈ పిల్లను పెంచినది ఆ అవ్వే. రాగి సంగటి ముద్ద మూటకట్టి పంపి, ఈ బడి గేటు దాకా నడిపించి పోయేది. నాకు ఇంకా గుర్తు. వస్తే తిరిగి వెళ్ళలేదు, వెళ్ళకపోతే అక్కడి ఇల్లు, ఉద్యోగం నిలవవు. ఆమె రాలేదు. ఫోనులో చూసింది. ఆ సంగతి నాతో చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు. నేను ఏడ్చాను.

2023లో ఇద్దరూ తిరిగి వచ్చారు. అప్పు తీరింది. ఇల్లు సగం లేచింది. యెన్ విలువ పడిపోయిన ఏడాదులలో పంపిన సొమ్ము అనుకున్నంత కాలేదు. భర్త హోసూరులో ఒక పాఠశాలలో పనిచేస్తున్నాడు. ఆమె జపాను భాషా సామర్థ్య పరీక్షలో మూడవ స్థాయి గెలిచి, బెంగళూరులో ఆ భాష బోధిస్తున్నది. ఆ ఉద్యోగానికి ఆమెను ఎవరూ ఏ మాధ్యమంలో చదివావని అడగలేదు. పరీక్ష పెట్టారు, పాఠం చెప్పించి చూశారు, తీసుకున్నారు.

ఇక ఆ తండ్రిగారి ప్రశ్న. ఆయన భయంలో సగం ఆ దేశపు నియమం వల్ల వచ్చింది. తక్కిన సగం మా వల్ల వచ్చింది. ఇది ఒప్పుకోకుండా పైన చెప్పినదంతా చెప్పుకోవడం న్యాయం కాదు. మేము ఆంగ్లాన్ని కళ్ళతో నేర్పాము, చేతితో నేర్పాము, నోటితో నేర్పలేదు. ఈ అమ్మాయి పదవ తరగతిలో ఆంగ్లంలో తొంబది దాటి మార్కులు తెచ్చుకుంది. ఆ రోజు ఎవరైనా వచ్చి ఆంగ్లంలో "నీ పేరేమి, మీ ఊరెక్కడ" అని అడిగితే నేల చూపులు చూసి ఉండేది. ఆమె మాట్లాడటం నేర్చినది హోసూరు కాలేజీ బస్సులో, స్నేహితురాళ్ళ ఎగతాళి భరించి. మా తరం శిక్షణ కళాశాలలో మాకూ నోటి పాఠం ఒక్కటి లేదు. నేను ఆంగ్ల ఉపాధ్యాయినిగా చేరిన మొదటి ఐదేండ్లు తరగతిలో పాఠం చదివి, తెలుగులో అర్థం చెప్పి, ప్రశ్నలు జవాబులు వ్రాయించాను. అది తప్పని తెలియక కాదు. నాకే మాట్లాడే ధైర్యం లేక.

మరొక సంగతి. ఈ ఊరి పిల్లకు ఐదవ తరగతి దాటేసరికి మూడు భాషలు నోట ఉంటాయి: ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, ఆటలో కన్నడం, పక్కింట ఉర్దూ ఉంటే నాలుగు. 2006 చట్టం తరువాత తమిళం చదువులోనూ వచ్చింది. దాని మంచిచెడ్డలు మరొక సభకు. హమమత్సులో ఆ అమ్మాయి ఏడాది తిరగకముందే కూరగాయల అంగడిలో బేరమాడింది. బెంగళూరులో ఒక్క ఆంగ్లంతో పెరిగిన భర్తకు రెండేండ్లు పట్టింది. నాలుగు భాషల మధ్య పెరిగిన పిల్లలను పట్టుకుని మేము ఐదవ భాషకు నోరు లేకుండా చేశామంటే, అందులో తెలుగు మాధ్యమం తప్పు ఎంత, మా తప్పు ఎంత అని నేను చాలా రాత్రులు లెక్క వేసుకున్నాను.

ఆ తండ్రిగారికి టీ.సీ. ఇచ్చాను. సంతకం చేసేటప్పుడు ఆయన "మేడమ్, కోపం పెట్టుకోవద్దండి" అన్నారు. నాకు కోపం లేదు. ఈసారి కాఫీ ఇచ్చే పంపాను. ఆయన రెండవ పాప మా మూడవ తరగతిలోనే ఉన్నది. ఆ పాపను గూర్చి ఇంకా నిశ్చయించుకోలేదన్నారు.

గత ఆగస్టు నుండి శనివారం మధ్యాహ్నాలలో ఒక గంట, పుస్తకం లేకుండా, పలక లేకుండా, ఆంగ్లంలో మాట్లాడుకునే తరగతి మొదలుపెట్టాము. ఆ అమ్మాయి, ఆమె భర్త నెలకు రెండు శనివారాలు బెంగళూరు నుండి, హోసూరు నుండి వచ్చి చెబుతున్నారు. తక్కిన రెండు శనివారాలు నేను చెబుతున్నాను. ఈ వయసులో పిల్లల ముందు తప్పులు మాట్లాడి దిద్దించుకుంటున్నాను. ప్రస్తుతం 41 మంది పిల్లలు వస్తున్నారు. ఒక గదికి అది చాలా ఎక్కువ. ఆరుగురికి ఒక పెద్దవారు ఉంటే గాని ప్రతి పిల్లకూ నోరు తెరిచే అవకాశం రాదు. ఈ సభలో ఉన్న పూర్వ విద్యార్థులలో హోసూరు, కెలమంగలం, తళి, రాయకోట ప్రాంతాలలో నివసిస్తూ నెలకు ఒక్క శనివారం ఇవ్వగలవారు ఉంటే, సభ ముగిసిన తరువాత కార్యాలయం గదిలో ఉంచిన పుస్తకంలో పేరు వ్రాయండి. మంచి ఇంగ్లీషు రావాలన్న షరతు లేదు. పన్నెండేండ్ల కాగితం అసలే అవసరం లేదు. మధ్యాహ్నం రెండున్నరకు తరగతి. హోసూరు నుండి వచ్చేవారు ఒంటిగంట బస్సు ఎక్కితే సరిపోతుంది.